చివరి గుర్తేంటండీ, క్యూ చూడండి!

డిసెంబరు వచ్చిందంటే చాలు, కలకత్తా మీద ఒకటే మూస కథనం. న్యూ మార్కెట్‌లోని నహూమ్స్ బేకరీ ఫొటో, పాతకాలం చెక్క బల్లలు, కింద "యూదుల చివరి గుర్తు" అంటూ ఓ నిట్టూర్పు. చదివి చదివి విసుగొచ్చి ఇది రాస్తున్నా.

బొడొదిన్ (క్రిస్మస్‌ని అక్కడ అలాగే అంటారు) ముందు వెళ్లి ఆ క్యూలో నిలబడి మాట్లాడండి. నేను నిలబడ్డాను. బాగ్దాద్ నుంచి వచ్చిన నహూమ్ ఇజ్రాయెల్ మొర్దెకాయ్ 1902లో మొదలుపెట్టిన వ్యాపారం అది. ఏసు పండక్కి యూదుల కొట్టు, అందులో పనిచేసేది ఎక్కువగా ముస్లింలు, కేకు పట్టుకెళ్లేది బెంగాలీ హిందువులు. బాగా ఉన్న రోజుల్లో కూడా ఆ ఊళ్లో యూదులు ఐదు వేలకు అటూ ఇటూ. ఇప్పుడైతే వేళ్ల మీద లెక్కే.

అయితే వాళ్ల అసలు వంట ఈ కేకు కాదు. ఆలూ మకల్లా! దుంపలు చెక్కు తీసి, ఉప్పూ పసుపూ వేసిన నీళ్లలో కాస్త ఉడికించి, నిండా నూనెలో సన్న సెగ మీద గంటసేపు ఓపిగ్గా వేయించాలి. పైన పెంకులా గట్టిపడుతుంది, లోపల వెన్నలా మెత్తన. ఫోర్క్‌తో పొడిస్తే ప్లేట్లోంచి ఎగిరి పడుతుందని వాళ్లలో వాళ్లకే జోకు. మాంసంతో పాలూ నెయ్యీ కలపకూడదన్న మత నియమం ఉంది కాబట్టి కోడికూర పక్కకి నూనెలో వేగిన దుంపే సరిపోయేది. ఆ ఇళ్లలో గరిటె తిప్పింది చాలాచోట్ల ముస్లిం వంటవాళ్లు. వాళ్ల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు, నాకు కడుపు మండేది అక్కడే.

మరి ఆ దుంప కలకత్తా హోటళ్లలో ఎందుకు దొరకదు? ఎవరూ అమ్మలేదు, అంతే. 1947 తర్వాత ఇళ్లు ఖాళీ అయ్యాయి, మకల్లా వాళ్లతోపాటే లండన్‌కీ ఇజ్రాయెల్‌కీ వెళ్లిపోయింది. ఊరి నోటికి అలవాటయింది బల్ల మీద పెట్టి అమ్మిందే. వలస వచ్చినవాళ్ల వంట ఊరిని మార్చేసిందని గొప్పగా చెప్పేవాళ్లు ఈ తేడా పట్టించుకోరు.

నా వంతు వచ్చేసరికి ప్లమ్ కేకు అయిపోయింది. నా ముందున్న శాలువా మాస్టారు ఆఖరిది పట్టుకుపోయాడు, పండగ పూట తిట్టలేను. చీజ్ సమోసా తీసుకున్నా. కొట్లో అందరూ అలాగే అడుగుతున్నారు. బాగ్దాద్ యూదుల ఇళ్లలో దాని పేరు సంబూసక్.