పీటముడి పడ్డ వేట

రెంటచింతలలో పుట్టి పెరిగినవాడికి చలంటే భయం కాదు, పగ. వేసవిలో ఎండల వార్త రాసే ప్రతి విలేకరీ ఒక్కసారైనా తలుచుకునే ఊరది. అలాంటి ఊళ్లో పుట్టిన మా బావకి దేవుడు అమెరికాలో, విస్కాన్సిన్‌లో ఉద్యోగం రాశాడు. బావ ఆఫీసుకి వెళ్లేటప్పుడు మెడకి మఫ్లరు చుట్టుకోవడం అక్టోబరు మొదటి వారంలో మొదలై, ఏప్రిల్ చివర్లో ఎప్పుడో ఆగుతుంది. మధ్యలో ఎవరైనా "ఈ రోజు వాతావరణం బావుంది కదండీ" అంటే వాళ్లతో రెండ్రోజులు మాట్లాడడు.

ఆ మనిషి జింకల వేటకి బయలుదేరాడు.

మన దగ్గరైతే 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక జింక మీద తుపాకీ ఎత్తితే నేరుగా జైలే. ఇక్కడ అలా కాదు. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు వచ్చే శనివారం మొదలై తొమ్మిది రోజులు తుపాకీ వేట సీజను. ఆ వారం ఆఫీసులో మీటింగు పెడితే పెట్టినవాడు ఒక్కడే కూర్చోవాలి. గ్రీన్ కార్డు వచ్చిన ఉత్సాహంలో, "ఈ ఊరివాళ్లలో కలిసిపోవాలిరా" అని బావ పక్కింటి పెద్దాయన దగ్గర శిష్యరికం మొదలుపెట్టాడు. ఆయనకి డెబ్భై దాటాయి, చిన్నప్పట్నుంచీ వేటలోనే ఉన్నాడు. బావ ఆయన్ని గురువుగారు అంటాడు. ఆయనకి ఆ మాట అర్థం తెలీదు గానీ పిలిచినప్పుడల్లా పలుకుతాడు.

ఈ రాష్ట్రంలో 1973 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి వేట లైసెన్సు కావాలంటే భద్రత కోర్సు పాసవ్వాలి. బావ ఎంసెట్‌కి చదివినట్టు చదివి పాసయ్యాడు. తుపాకీ ఎలా పట్టుకోవాలి, ఎటు గురిపెట్టకూడదు, చెట్టెక్కేటప్పుడు తూటాలు ఎందుకు తీసెయ్యాలి, అన్నీ కంఠతా. బట్టల గురించి ఉన్న పేజీలు మాత్రం తిప్పేశాడు. "బట్టలేసుకోవడం కూడా ఒకళ్లు నేర్పాలట్రా నాకు?" అన్నాడు.

గురువుగారు ఆ పాఠం విడిగా, ఓపిగ్గా చెప్పాడు. ఒంటిని అంటుకుని ఉన్నిదో సింథటిక్‌దో పల్చటి బట్ట ఉండాలి, అది చెమటని పీల్చి బయటికి తోసేస్తుంది. దాని మీద వేడిని పట్టి ఉంచే ఫ్లీస్. ఆపైన గాలిని ఆపే కోటు. నూలు బట్ట ముక్క కూడా ఒంటి మీద ఉండకూడదు, ఎందుకంటే నూలు తడిస్తే ఆరదు, ఒంట్లో వేడంతా తాగేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, నడిచేటప్పుడు పెద్ద కోటు వీపు మీద మోసుకెళ్లాలి, కూర్చున్నాక వేసుకోవాలి.

బావ శ్రద్ధగా విని ఇంటికొచ్చి లెక్క కట్టాడు. "ఇక్కడ పుట్టినాయనకే మూడు పొరలు కావాలంటే రెంటచింతల వాడికి ఎన్ని కావాలి?"

జవాబు ఏడు వచ్చింది.

పక్క ఊళ్లో ఎమ్మెస్ చదువుతున్న నన్ను అక్క ఫోన్ చేసి మరీ పిలిపించింది. "నువ్వూ వెళ్లరా, ఆయన్ని ఒక్కణ్ణే అడవిలోకి పంపాలంటే నాకు టెన్షన్‌గా ఉంది." నాకు లైసెన్సు లేదు, తుపాకీ ముట్టుకోకూడదు. నా డ్యూటీ చూస్తూ ఉండటమే. ఆ రకంగా చూస్తే నా టికెట్టుకి పూర్తి విలువ దక్కింది.

తెల్లవారుజామున నాలుగున్నరకి గురువుగారి చెక్క క్యాబిన్‌లో కట్టెల పొయ్యి భగభగలాడుతుంటే, దాని పక్కనే నిలబడి బావ ముస్తాబు మొదలుపెట్టాడు. బయట పన్నెండు డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ పదకొండు. ముందు నూలు బనియన్. "ఇదెందుకు బావా, ఆయన వద్దన్నాడుగా?" అన్నాను. "బనియన్ లేకుండా చొక్కా ఎవడేసుకుంటాడ్రా?" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. దాని మీద థర్మల్, థర్మల్ మీద ఫుల్ చేతుల చొక్కా, చొక్కా మీద మా అమ్మ అల్లి పంపిన స్వెటర్, స్వెటర్ మీద నీలం ఫ్లీస్, ఆపైన పఫర్ జాకెట్, అన్నిటి మీదా నారింజ రంగు కోటు. కింద గుంటూరులో కుట్టించిన నూలు పైజామా, దాని బొందు బిగించి కట్టి, మీద థర్మల్, ఆ మీద జీన్స్, ఆ మీద భుజాల మీంచి పట్టీలు వచ్చే మందపాటి బిబ్. ఛాతీకి బామ్. తలకి మంకీ క్యాప్, దాని మీద నారింజ టోపీ. కాళ్లకి మూడు జతల సాక్సులు.

మూడు జతలు తొడిగాక బూట్లు పట్టలేదు. నేనూ గురువుగారూ చెరో కాలూ పట్టుకుని తోశాం. కాలు లోపల అంత ఇరుకైతే రక్తం ఆడదు, రక్తం ఆడకపోతే ఎన్ని సాక్సులున్నా చలే అని ఆయన చెప్తున్నాడు. చెవుల మీద మంకీ క్యాప్ ఉన్నందువల్ల బావకి వినపడలేదు. చేతులు వెచ్చబెట్టే పొట్లాలు కూడా రెండు బూట్లలోకి దూర్చాడు. వాటిల్లో ఉండేది ఇనుప రజను, గాలి తగిలితే తుప్పు పడుతూ వేడెక్కుతుంది. ఆ బూట్లలో గాలికి చోటెక్కడిది? పాపం, తుప్పు పట్టే అదృష్టం కూడా వాటికి లేకపోయింది.

గుమ్మం దాటకముందే బావ నుదుటి మీద చెమట.

చీకట్లో, మోకాలి లోతు మంచులో అర మైలు నడక. ముందు గురువుగారు, పల్చటి ఉన్ని చొక్కా మీద ఒక్క ఫ్లీస్ వేసుకుని, దాని జిప్పు కూడా తెరిచిపెట్టి, కోటు వీపున కట్టుకుని నడుస్తున్నాడు. "బయలుదేరేటప్పుడు కొంచెం వణకాలి, అప్పుడే కూర్చున్నాక వెచ్చగా ఉంటావు" అన్నాడు. బావ నా చెవిలో, "పెద్దాయన కదా, బడాయి" అన్నాడు. రెండు వందల గజాలకల్లా బడాయి ఎవరిదో తేలింది. బావ పొలం దున్నినట్టు రొప్పుతున్నాడు, మంకీ క్యాప్ లోంచి ఆవిరి వస్తోంది.

మా చోటు చెట్టుకి ఆనించిన నిచ్చెన, పైన ఇద్దరు కూర్చునే సీటు. పదిహేనడుగుల ఎత్తు. బావ మోకాలు వంగితే కదా మెట్టు మీద కాలుపెట్టేది! కింది నుంచి నేను భుజం ఆనించి ఎత్తాను. తుపాకీని తూటాలు తీసేసి తాడుతో పైకి లాక్కోవాలని నియమం. బావని కూడా అలాగే లాగితే సగం పని తప్పేది. భద్రత బెల్టు గురువుగారు ముందే మామూలు మనిషికి సరిపోయేలా సర్ది ఉంచాడు. ఎదురుగా నిలబడ్డ ఆకారాన్ని చూసి, ఏమీ అనకుండా పట్టీలన్నీ చివరిదాకా వదులు చేశాడు. తర్వాత తన చోటుకి తాను వెళ్లిపోయాడు.

ఏడు గంటలయ్యేసరికి అసలు కథ మొదలైంది. నడకలో పట్టిన చెమటంతా బనియన్ తాగి కూర్చుంది. ఇప్పుడు ఆ బనియన్ బావని తాగడం మొదలుపెట్టింది. మొదట పళ్లు టకటకలాడాయి. తర్వాత భుజాలు. కాసేపటికి సీటు, నిచ్చెన, చెట్టు కూడా వణికి కొమ్మల మీది మంచు మా నెత్తిన రాలింది. నేను గురువుగారు అరువిచ్చిన ఉన్ని లోదుస్తుల్లో హాయిగా ఉన్నాను. ఆ సంగతి బావకి చెప్పలేదు. చెప్తే సంబంధాలు దెబ్బతింటాయి.

"టీ పొయ్యరా" అన్నాడు. అక్క పంపిన అల్లం టీ ఫ్లాస్కు నేను రెండు గుక్కలు తాగితే మిగిలిందంతా బావే ముగించాడు. చలిలో రక్తం ఒంటి లోపలికి సర్దుకుంటుంది, అది ఎక్కువైందనుకుని కిడ్నీలు నీటిని బయటికి తోస్తాయి. దానికి తోడు నాలుగు కప్పుల టీ.

ఎనిమిది గంటలకి బావ నా వైపు చూసిన చూపులో ఏముందో మగాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు.

కోర్సు టాపరు కాబట్టి ఎంత తొందరలోనూ తుపాకీలో తూటాలు తీసి కోటు జేబులో వేసుకుని, తుపాకీని పైనే కొక్కేనికి తగిలించి మరీ దిగాడు. బిబ్ గొప్పదనం అప్పుడు బయటపడింది. దాని పట్టీలు భుజాల మీద ఉంటాయి, భుజాల మీద పఫర్ జాకెట్, దాని మీద కోటు. కిందిది విప్పాలంటే పైన మొదలుపెట్టాలి. కోటు విప్పి కొమ్మకి తగిలించాడు. జాకెట్ మరో కొమ్మకి. బిబ్ మోకాళ్ల దాకా జారింది, జీన్స్ జారింది, థర్మల్ జారింది. ఆ చెట్టు కింద చాకిరేవు వెలిసింది. అంతా అయ్యాక కింద నిశ్శబ్దం.

"ఒరేయ్."

"ఏంటి బావా?"

"బొందు."

"ఏమైంది?"

"పీటముడి పడిందిరా. వేళ్లకి స్పర్శ లేదు."

నేను దిగబోయేలోపు ఎదురుగా పొదల్లో అలికిడి. ముప్ఫై గజాల దూరంలో మగ జింక. రెండు చేతులు చాచినంత కొమ్ములు. తుపాకీ పైన, తూటాలు కొమ్మకి వేలాడే కోటులో, వేటగాడు కింద రెండు చేతులతో బొందు పట్టుకుని. నారింజ రంగు జింకలకి మనకి కనపడినట్టు కొట్టొచ్చినట్టు కనపడదు, నీలం మాత్రం బాగా తెలుస్తుంది. నీలం ఫ్లీస్‌లో నిలబడ్డ మా బావని అది తల పక్కకి వంచి తీరిగ్గా చూసింది. బావ కూడా దాన్ని చూశాడు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ ఆశ్చర్యమేసిందో నేను చెప్పలేను.

అప్పుడు గాలి తిరిగింది. బామూ, అల్లమూ కలిసి దాని ముక్కు దాకా వెళ్లుంటాయి. బుస్సుమని ఒక్క చీదు చీది, తెల్లతోక జెండాలా ఎత్తి గెంతుకుంటూ పోయింది.

ఈలోగా అటు నుంచి గురువుగారు చేతులూపుతూ పరుగులాంటి నడకతో వచ్చేశాడు. నడుము పైన సగమైనా కొట్టొచ్చే నారింజ రంగో గులాబీ రంగో కనపడాలన్నది ఇక్కడి చట్టం. సీజను మొదటి రోజు అడవి నిండా తుపాకులు, మధ్యలో ఆయన శిష్యుడు నీలంగా కదులుతున్నాడు. వస్తూనే కొమ్మకి వేలాడుతున్న కోటు తీసి బావ భుజాల మీద కప్పాడు. తర్వాత సమస్య ఏమిటని అడిగాడు. పీటముడిని ఇంగ్లీషులో ఏమంటారో బావకి ఆ క్షణంలో తట్టలేదు, వేలితో చూపించాడు.

గురువుగారు వంగి, కళ్లజోడు సర్దుకుని చూశాడు. బావ నడుముకి తళతళలాడుతూ వేలాడుతున్న కొత్త కత్తి ఒరలోంచి తీశాడు. వేటాడిన జింక పొట్ట చీరడానికని బావ ప్రత్యేకంగా తెప్పించుకున్న కత్తి అది. ఒక్క గాటు.

"పదును బావుంది" అన్నాడు గురువుగారు, వెనక్కి ఇచ్చేస్తూ.

క్యాబిన్‌లో ఒక పాత నోటుబుక్కు ఉంటుంది. ఏ రోజు ఎవరు ఏం వేటాడారో ఏళ్లుగా అందులో రాస్తూ వస్తున్నారు. సాయంత్రం పొయ్యి దగ్గర, బొందు తెగిన పైజామాని సేఫ్టీ పిన్నుతో నిలబెట్టుకుని కూర్చున్న బావ ఎదుటే గురువుగారు దాన్ని తెరిచి ఆ రోజు లెక్క రాశాడు. నేను భుజం మీంచి తొంగి చూశాను. బరువు దగ్గర గీత కొట్టాడు, కొమ్ముల దగ్గర గీత కొట్టాడు. ఏమిటి అన్నచోట 'తాడు, తెల్లది, పురుషుడిది' అని రాసి, సమయం ఎనిమిదీ పది అని వేశాడు.

"దీన్ని ఫొటో తీసి మీ అక్కకి పంపావో" అన్నాడు బావ.

అప్పటికే పంపేశాను.