సవరణ: 1988 నాటి హాన్సెన్ అంచనా గురించి

వాతావరణ మోడళ్ల (వాతావరణం ఎలా మారుతుందో లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ల) మీద మొన్న రాసినదాంట్లో పెద్ద పొరపాటే దొర్లింది. నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ బృందం 1988లో చెప్పినంతగా భూమి వేడెక్కలేదని, కాబట్టి వాళ్ల మోడల్ తప్పిందని రాసి, రుజువుగా గ్రాఫ్‌లోని ‘ఎ’ గీతను చూపించాను.

నిజానికి వాళ్లు గీసినవి మూడు గీతలు. ఉద్గారాలు ఏటికేడు వేగం పుంజుకుంటూ పోతే ‘ఎ’. 2000 తర్వాత భూమిని వేడెక్కించే వాయువుల ప్రభావం పెరగకుండా ఆగిపోతే ‘సి’. మధ్యలోది ‘బి’, జరిగే అవకాశం బహుశా దానికే ఎక్కువని వాళ్లే రాశారు. నేనేమో అన్నిటికంటే పైనున్న గీతను పట్టుకుని కూర్చున్నాను.

‘బి’ కూడా జరిగినదానికంటే కాస్త ఎక్కువే చూపింది, కాదనను. అందులో చాలా భాగానికి మోడల్‌ను తప్పుపట్టలేం. ఓజోన్ పొరను కాపాడేందుకు కుదిరిన మాంట్రియల్ ఒప్పందం వల్ల సీఎఫ్‌సీలకు (ఫ్రిజ్‌లలో వాడిన వాయువులు, ఇవీ భూమిని వేడెక్కిస్తాయి) కళ్లెం పడింది, మీథేన్ కూడా అనుకున్నంత పెరగలేదు. మనుషులు ఎంత పొగ వదులుతారో మోడల్ చెప్పలేదు కదా, వదిలితే ఏమవుతుందో చెబుతుంది. మిగతాది మాత్రం దాని లోపమే: కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే 4.2 డిగ్రీలు పెరుగుతుందని లెక్కకట్టింది. ఇప్పటి మేలైన అంచనా 3.

ఇంకోటి, కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఎంత వేడెక్కుతుందో వాతావరణ శాస్త్రవేత్త మనాబే 1967లో వేసిన లెక్క, మొన్నటి రాతలో 3.2 డిగ్రీలని పడింది. దాన్ని సుమారు 2.3 అని చదువుకోండి. అంకెలు తారుమారయ్యాయి.