గ్యాస్ పవర్ ప్లాంటు గారికి ఓ విన్నపం

గోదావరి తీరాన వేంచేసియున్న మహారాజశ్రీ గ్యాస్ ప్లాంటు గారికి,

తమరు క్షేమమని తలుస్తున్నాం. తమ విషయంలో క్షేమమంటే తుప్పు పట్టకపోవడమే అనుకోండి.

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గ్యాసు పైపులోకి రాకముందే మెగావాట్లు లెక్కేసుకున్నాం. 2009లో కృష్ణా-గోదావరి సముద్రపు క్షేత్రం కేజీ-డీ6 నుంచి గ్యాసు బయటికొచ్చింది. 2013 మార్చికల్లా కరెంటు ప్లాంట్లకు ఆ గ్యాసు సున్నా. సామర్లకోటలో 2,400 మెగావాట్లకని దింపిన యంత్రాలు గ్యాసు మొహమే చూడలేదు. వాటిలో కొన్ని బంగ్లాదేశ్‌కి ఓడెక్కాయి. 2024 నాటికి దేశం మొత్తమ్మీద తమ వంశం దాదాపు 25,000 మెగావాట్లు. వాడిన కరెంటులో తమ వాటా నూటికి దాదాపు రెండు యూనిట్లు.

పోనీ, ఖాళీగా కూర్చుంటే ఖర్చు లేదా? టర్బైన్లో తిరిగే ఇరుసుంటుంది కదా, వేడిగా ఉన్న ఆ రోటర్‌ని కదలకుండా వదిలేస్తే వంగిపోతుంది. చల్లారేదాకా మెల్లగా తిప్పుతూనే ఉండాలి, అందుకు లూబ్ ఆయిల్ పంపు ఆడాలి. నెలల తరబడి ఆపితే బాయిలర్ గొట్టాల్లో నీళ్ళు దించేసి నైట్రోజన్ నింపాలి. లేదంటే తేమకి లోపల గుంటలు పడి, మళ్ళీ ఆవిరి పట్టగానే లీకు. ఈ సేవలన్నీ గ్రిడ్ నుంచి కొన్న కరెంటుతోనే. కరెంటు పుట్టించాల్సినవారు కరెంటు బిల్లు కట్టడం తమ ఇంటే చూశాం.

చవక కరెంటుకి ముందు పీట వేసే మెరిట్ ఆర్డర్ భోజనాల్లో తమది ఆఖరి బంతి. గ్యాసుని వేడి లెక్కన కొలిచే కొలత ఎంఎంబీటీయూ. ఒక ఎంఎంబీటీయూ గ్యాసుతో, గ్యాస్ టర్బైన్ వదిలిన వేడితో ఆవిరి టర్బైన్ని కూడా తిప్పే కంబైన్డ్ సైకిల్లో సుమారు 135 యూనిట్లొస్తాయి. ఓడలో వచ్చిన గ్యాసు 12 డాలర్లు, డాలరు 85 రూపాయలు వేసుకుంటే యూనిట్‌కి ఇంధనమే ఏడున్నర. ఆవిరి టర్బైన్ కలవక ఓపెన్ సైకిల్లో నడిపితే పదకొండు.

అయినా పొద్దు వాలి సోలారు చేతులెత్తేయగానే తమరే గుర్తొస్తారు. ఓపెన్ సైకిల్ యంత్రమైతే అరగంటలోపే లోడందుకుంటుంది. మనం కట్టుకున్నదేమో పగలూ రాత్రీ నడవడానికి చేసిన కంబైన్డ్ సైకిల్. బాయిలర్ డ్రమ్ము మందపాటి ఉక్కు. ఒక్కసారిగా వేడెక్కిస్తే బీటలు. చల్లగా పడున్న ప్లాంటు పూర్తి లోడుకి రావాలంటే గంటలు పడుతుంది. పైగా ప్రతి స్టార్టూ బ్లేడ్ల ఆయుష్షులో కొన్ని గంటలు తినేస్తుంది. గ్యాసు ముందురోజే బుక్ చెయ్యాలి. సాయంత్రం వానొచ్చి ఏసీలు ఆగినా, తీసుకోని గ్యాసుకి డబ్బు కట్టక తప్పదు చాలాసార్లు. ఈ వానని ఏ టారిఫ్‌లో రాయాలో మాకూ తెలీదు.

2024 మే, జూన్ నెలల్లో, ప్లాంట్లని నడపమని సర్కారు ఆదేశించగలిగే విద్యుత్ చట్టం సెక్షన్ 11 కింద శ్రీముఖం పంపి మరీ పిలిచారు. మే 30న దేశం డిమాండ్ 250 గిగావాట్లకి చేరింది కదా. జూలైలో వానలు పడ్డాయి, తమరు మళ్ళీ అరుగు మీదికి. కాచుక్కూచున్నందుకు కూలి ఇవ్వమంటే మాత్రం 'యూనిట్ ఎంత?' అనే అడుగుతాం. ఫైరింజన్‌కి ఆర్పిన మంటల లెక్కన జీతమిచ్చే ఊరు మాది.

ఇట్లు,
రాత్రి ఏడింటికి స్విచ్ వేసేవాళ్ళం

తా.క.: వేసవిలో మళ్ళీ కబురు రావచ్చు. డ్రమ్ములోకి మనిషిని దింపేముందు గాలి పట్టించి ఆక్సిజన్ కొలిపించండి. నైట్రోజన్‌కి వాసనుండదు.