మా వీధి ఎల్‌ఈడీ దీపం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ దీపం గారి దివ్య సముఖానికి, విశాఖపట్నం మధురవాడలో తమరి ఎదురింటి డాబా మీద నుంచి నమస్కరించి రాసుకున్నది.

ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు, తెల్లవార్లూ కనబడుతూనే ఉంది.

వృషభ రాశిలో ఎద్దు కొమ్ము కొసకు దగ్గర్లో సిమెయిస్ 147 ఉంది. ముప్ఫై నలభై వేల ఏళ్ల కిందట పేలిపోయిన నక్షత్రం తాలూకు పోగులు. ఆరు పున్నమి చంద్రులను పక్కపక్కన పేర్చినంత వెడల్పు. అంత ఉండీ, 1952లో క్రిమియాలో ఖగోళ శాస్త్రవేత్తలు గ్రిగరీ షాయిన్, వేరా గాజే పట్టుకునేదాకా ఎవరి కంటా పడలేదు. అంత పలచన! దాని ఫొటో తీయాలని నా పిచ్చి.

కెమెరా గురి కుదరాలంటే ముందు ధ్రువ నక్షత్రం కనబడాలి. అది మన ఊళ్లో 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. దాన్ని పక్క అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంకు మింగేసింది, సర్దుకున్నాను. సముద్రపు చెమ్మకు లెన్స్ మసకబారితే హీటర్ పట్టీ చుట్టాను. "ఏటి బాబూ, డ్రోనా?" అని వాచ్‌మన్ అడిగితే ఓపిగ్గా చెప్పాను. తమరి దగ్గరే నా ఆటలు సాగడం లేదు.

పాత సోడియం దీపాలే నయం. వాటి పసుప్పచ్చ వెలుగు తరంగదైర్ఘ్యం 589 నానోమీటర్ల చుట్టూనే తిరిగేది, ఫిల్టర్ పెడితే చాలావరకు ఆగేది. హుద్‌హుద్ తుఫాను తర్వాత ఊళ్లో తెల్లదొరల రాజ్యం వచ్చింది. తమరు అన్ని రంగుల్లోనూ వేలు పెడతారు. ఆ పోగుల నుంచి వచ్చే హైడ్రోజన్ ఎరుపు, 656 దగ్గర, ఎలాగోలా దక్కుతుంది. వాటి ఆక్సిజన్ వెలుగు 500 దగ్గర ఉంటుంది, అసలే అది చచ్చీచెడీ వచ్చేది. ఫిల్టర్‌లో దానికోసం మూడు నానోమీటర్ల సందు వదిలితే అందులోంచీ తమరు దూరి వచ్చేస్తారు. ఐదేసి నిమిషాల ఫ్రేములు గంటల తరబడి తీసి పేర్చి చూస్తే, నక్షత్రం పోగులు కాదు, తమరి తేజస్సే!

గుళ్లో ఆకాశదీపం కార్తీకం నెల్లాళ్లే. తమరు మాత్రం మెడ పైకెత్తి పన్నెండు నెలలూ ఆకాశానికే దీపం పెడుతున్నారు. ఎంత భక్తి! స్తంభం పక్కన మూత లేని మ్యాన్‌హోల్ మటుకు చీకట్లోనే ఉంది.

మెడ కాస్త కిందికి వంచమని లైన్‌మన్‌ని అడిగాను. "అది ఫిక్సుడండీ" అన్నాడు. ఫిర్యాదుల యాప్‌లో 'దీపం వెలగడం లేదు' అని ఉంది, 'మరీ వెలుగుతోంది' అని లేదు. 'ఇతరములు' నొక్కి నాలుగు ముక్కలు రాశాను. మర్నాడే 'మీ సమస్య పరిష్కారమైనది' అని మెసేజ్ వచ్చింది, రుజువుగా తమరి ఫొటో జతచేసి. ఎవరో ఫోన్‌తో తీశారు. చాలా బాగా వచ్చింది. తమరికి ఫిల్టర్లూ అక్కర్లేదు, గంటల ఎక్స్‌పోజరూ అక్కర్లేదు కదా.

ఇట్లు,
ఎదురింటి డాబా వాడు