గోడలు కొట్టించే ముందు ఒక్కసారి ప్లేటు విప్పి చూడండి

కొన్ని రోజులుగా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. నెల్లూరులో మాగుంట లేఅవుట్ నుంచి వేదాయపాళెం దాకా నేనున్న ప్రతి గ్రూపులోకీ వచ్చింది. ఒంగోలు లాయర్‌పేటలో ఉండే మా చెల్లెలు కూడా "ఇది నిజమేనా అన్నా" అని పంపింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: ఫైబర్ కనెక్షన్ తీసుకున్నవాళ్ళ ఇంట్లో పాత టీవీ వైరు, ఫోను వైరు, కరెంటు వైరు నెట్‌కు పనికిరావు. ప్రతి గదికీ ఫైబరే లాగించాలి. లేకపోతే 300 ఎంబీపీఎస్ ప్లాన్‌లో 30 కూడా అందదు. ప్లగ్గులో పెట్టే నెట్ డబ్బాలు కొంటే షాక్ కొడుతుంది, పక్కింటివాళ్ళు మీ నెట్ వాడేస్తారు. గోడలు కొట్టడం ఇష్టం లేకపోతే రిపీటర్ (వైఫైని అందుకుని మళ్ళీ వదిలే డబ్బా) పెట్టుకోండి, చాలు.

నేను ఇళ్ళకు నెట్ వైరింగ్ చేస్తాను. ఈ మెసేజ్ చదివి ఊరుకునేవాణ్ణే. కానీ మొన్న దర్గామిట్టలో ఒక రిటైర్డ్ మాస్టారు పిలిపించారు. సంక్రాంతికి రంగులు వేయించుకున్న ఇల్లు. "ఏందబ్బయ్యా, గోడలు మళ్ళీ పగలగొట్టాల్నా? మేస్త్రీ అయిదు గదులకు లెక్క చెప్పాడు" అని ఫోనులో ఆ మెసేజే చూపించారు. ఆయనకు గోడ కొట్టాల్సిన పనే లేదు. ఎందుకు లేదో కింద చెబుతాను. ముందు ఒక్కో మాటా చూద్దాం.

"ప్రతి గదికీ ఫైబరే లాగాలి." ఇది అసలు మొదలే తప్పు. వీధి స్తంభం మీదుగా వచ్చిన ఫైబర్ మీ ఇంట్లో ఓఎన్‌టీ అనే చిన్న డబ్బా దగ్గర ఆగిపోతుంది. ఫైబర్‌లో వచ్చేది వెలుతురు, అక్కడ అది కరెంటు సంకేతంగా మారుతుంది. ఆ తర్వాత మీ టీవీకి, కంప్యూటరుకు వెళ్ళేది రాగి తీగ మీదో, గాలిలో వైఫై మీదో. మన దగ్గర ఎక్కువ కనెక్షన్లు ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్ళకు పంచే జీపాన్ పద్ధతిలో ఉంటాయి. అందులో ఇంటి వైపు వచ్చే దారి మొత్తం 2.5 గిగాబిట్లు (ఒక గిగాబిట్ అంటే 1000 ఎంబీపీఎస్), దాన్నే 32 లేదా 64 ఇళ్ళు పంచుకుంటాయి. మీ ప్లాన్ 100, 200, 300 ఎంబీపీఎస్. అంత మోయడానికి మామూలు రాగి లాన్ కేబుల్ సరిపోతుంది. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దూరం వరకు ఒక గిగాబిట్ మోస్తుంది, ఆ ప్రమాణం 1999 నుంచీ ఉంది.

పైగా ఫైబర్‌ను కరెంటు తీగలా మెలిపెట్టి రెండు గదులకు చీల్చలేం. స్ప్లిట్టర్ (ఒక దారిని రెండుగా చీల్చే ముక్క) పెడితే వెలుతురు సగమవుతుంది. అవతల పెట్టే రెండో ఓఎన్‌టీ కంపెనీ దగ్గర నమోదై ఉండకపోతే పనే చేయదు. ఎక్కువ వంచితే వెలుతురు బయటికి జారిపోతుంది, డబ్బా మీద ఎర్రలైటు వెలుగుతుంది. అంటే గోడ కొట్టి ఫైబర్ లాగినా ఆ గదిలో మళ్ళీ ఒక డబ్బా, దానికొక అడాప్టర్ పెట్టుకోవాల్సిందే.

"పాత టీవీ వైరు దండగ." నాకు బాధ కలిగించిన మాట ఇదే, ఎందుకంటే మన ఇళ్ళలో వాడకుండా పడి ఉన్న వాటిలో అన్నిటికంటే మంచి తీగ ఇదే. కేబుల్ టీవీ కోసం హాల్లోకీ బెడ్‌రూముల్లోకీ వేసిన నల్లటి లావుపాటి వైరు, ఆర్‌జీ6, చాలా ఇళ్ళలో పైపుల్లో ఖాళీగా ఉంది. టీవీ కూడా నెట్ మీదే వస్తున్న ఇళ్ళలో దాన్ని ఎవరూ ముట్టుకోరు. మోకా అనే పద్ధతిలో రెండు చివర్లా రెండు డబ్బాలు పెడితే ఆ తీగ నెట్ మోస్తుంది. 2016లో వచ్చిన మోకా 2.5 పేరుకు తగ్గట్టే 2.5 గిగాబిట్ల దాకా వెళ్తుంది. ఒకే తీగల అల్లికలో 16 డబ్బాల దాకా పెట్టుకోవచ్చు.

దీనికి షరతులున్నాయి, అవి తెలియక విఫలమైనవాళ్ళే బహుశా "పనికిరాదు" అని ప్రచారం చేస్తున్నారు. మోకా నడిచేది 1125 నుంచి 1675 మెగాహెర్ట్జ్ మధ్య. మన కేబుల్ టీవీ 862 లోపే ఉంటుంది కాబట్టి రెండూ ఒకే తీగ మీద గొడవ లేకుండా సాగుతాయి. డిష్ ఉన్న ఇల్లయితే కుదరదు. డిష్ నుంచి సెట్‌టాప్ బాక్సుకు వచ్చే సిగ్నల్ 950 నుంచి 2150 దాకా పరుచుకుని ఉంటుంది, రెండూ ఢీకొంటాయి. డిష్ వైరును వదిలేసి వేరే తీగ చూసుకోవాలి. రెండోది స్ప్లిట్టర్. కేబుల్ వాళ్ళు పెట్టే చవక స్ప్లిట్టర్ల మీద 5 నుంచి 1000 అని రాసి ఉంటుంది. మోకా సిగ్నల్ దాంట్లో చాలావరకు చచ్చిపోతుంది. దాన్ని తీసేసి రెండు చివరలను నేరుగా కలపండి, లేదా 1675 దాకా పనిచేసేది పెట్టండి. మూడోది, తీగ ఇంట్లోంచి బయటికి, పక్క ఫ్లాటుకు కలిసి ఉంటే అక్కడ మోకా సిగ్నల్‌ను బయటికి పోనీయని మోకా ఫిల్టర్ బిగించాలి. మన ఊళ్ళో షాపుల్లో ఈ డబ్బాలు సులువుగా దొరకవు, ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి, ధర కూడా తక్కువేం కాదు. అయినా అయిదు గదుల గోడలు కొట్టి, పూసి, మళ్ళీ రంగు వేసే ఖర్చు పక్కన పెట్టి చూసుకోండి.

"ఫోను వైరు అసలే పనికిరాదు." ప్లేటు విప్పకుండా ఈ మాట ఎవరూ అనకూడదు. ఇంటర్‌కమ్ కోసమో ల్యాండ్‌లైన్ కోసమో కొంతమంది బిల్డర్లు లాన్ కేబులే వేసి, ఎనిమిది తీగల్లో రెండింటినే వాడి, మిగతా ఆరు మడిచి వెనక్కి తోసేశారు. మాస్టారి ఇంట్లో జరిగింది ఇదే. హాల్లో ఫోను ప్లేటు రెండు స్క్రూలు విప్పితే లోపల ఎనిమిది తీగలు: నారింజ, పచ్చ, నీలం, గోధుమ, ఒక్కోదానికి తెల్ల చారల జత. రెండు వైపులా కొత్త జాక్‌లు కొట్టి కలిపాను. పని ఒక పూటలో అయిపోయింది. మేస్త్రీని రావద్దని చెప్పేశారు.

జాక్ కొట్టాక స్పీడు చూసుకోండి. 300 ప్లాన్‌లో సరిగ్గా 94, 95 దగ్గర ఆగిపోతే ఎనిమిదిలో ఏదో ఒక తీగ అందలేదని అనుమానించాలి. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100కు రెండు జతలు చాలు, అందుకే లింకు కిందికి దిగుతుంది. నాలుగు తీగలే దొరికినా, అవి మెలి తిరిగిన జతలైతే, 100 వస్తుంది. ఉత్త రెండు తీగల పాత ఫోను వైరు మీద కూడా వీడీఎస్ఎల్ (ఫోను తీగ మీద నెట్ పంపే పద్ధతి) డబ్బాల జతతో తక్కువ దూరంలో 100 దాకా తీయొచ్చు. పిల్లల ఆన్‌లైన్ క్లాసుకు అది చాలు.

"కరెంటు ప్లగ్గు డబ్బాలతో షాక్, దొంగతనం." ఇవి ఇంటి కరెంటు తీగల మీదే నెట్‌ను ఒక గది నుంచి ఇంకో గదికి పంపే డబ్బాలు. షాక్ మాట తప్పు. నాసిరకం చార్జరులో ఉన్న ప్రమాదమే నాసిరకం డబ్బాలోనూ ఉంటుంది, అంతకంటే కొత్త ప్రమాదం లేదు. దొంగతనం మాటలో కొంత నిజం ఉంది. ఈ సిగ్నల్‌ను 128 బిట్ల తాళంతో పంపిస్తారు. కానీ కొన్ని డబ్బాలు షాపు నుంచి ఒకే తాళంతో వస్తాయి. మీరు పెయిర్ బటన్ నొక్కకుండా వాడితే, కరెంటు లైను కలిసిన పక్క ఫ్లాటులో అదే రకం డబ్బా ఉంటే కలిసిపోవచ్చు. బటన్ నొక్కితే తాళం మారిపోతుంది.

స్పీడు విషయంలో మాత్రం నేను వీటిని చివరగానే సిఫారసు చేస్తాను. అట్ట మీద 1000, 2000 అని ఉన్నా చేతికొచ్చేది అందులో చిన్న భాగం. త్రీఫేజ్ ఇళ్ళలో హాలు ఒక ఫేజు మీద, బెడ్‌రూము ఇంకో ఫేజు మీద ఉంటే సిగ్నల్ బాగా తగ్గిపోతుంది. స్పైక్ బస్టర్‌లో గుచ్చితే అది సిగ్నల్‌నే వడకట్టేస్తుంది, నేరుగా గోడ ప్లగ్గులో పెట్టాలి. ఇన్వర్టర్ లైను వేరుగా ఉన్నచోట రెండు డబ్బాలూ ఒకే లైను మీద ఉండాలి. వంటింట్లో మిక్సీ తిరిగితే స్పీడు పడిపోవడం నేను కళ్ళారా చూశాను.

"రిపీటర్ చాలు." చాలదు. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో విని, అదే మాట మళ్ళీ చెబుతుంది. అందుకే స్పీడు దాదాపు సగానికి పడుతుంది. పైన చెప్పిన ఏ తీగ చివరనైనా యాక్సెస్ పాయింట్ (తీగలో వచ్చిన నెట్‌ను వైఫైగా ఇచ్చే డబ్బా) పెట్టడం వేరు, గాలిలో వచ్చిన బలహీన సిగ్నల్‌ను మళ్ళీ గాలిలోకి వదలడం వేరు.

ఆ మెసేజ్‌లో ఫైబర్ గురించి ఉన్న అభిమానం ఒకచోట మాత్రం నిజంగా అవసరం. ఒకే ఆవరణలో రెండు బ్లాకుల మధ్య, లేదా టెర్రస్ మీదుగా తీగ వెళ్ళాలంటే రాగి వద్దు. పిడుగులు పడ్డప్పుడు రెండు భవనాల మధ్య వేసిన రాగి కేబుల్ రెండు వైపులా డబ్బాలను కాల్చేస్తుంది. అక్కడ లోపల ఇనుప తీగ లేని ఫైబర్ వేయించండి. అలాగే సముద్రం దగ్గరి ఊళ్ళలో, మైపాడు వైపు ఇళ్ళలో, పాత జాక్‌ల పిన్నులు పచ్చగా తుప్పు పట్టి ఉంటాయి. తీగను తప్పు పట్టే ముందు ఆ చివరలు కోసి కొత్తవి వేయాలి. కొత్త లాన్ కేబుల్ కొనాల్సి వస్తే, రాగి పూత పూసిన అల్యూమినియం కాకుండా పూర్తి రాగిదే అడిగి తీసుకోండి. కొంచెం గీకితే లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియమే. కరెంటు తీగలున్న పైపులో మాత్రం లాన్ కేబుల్ ఎప్పుడూ తోయకండి.

మా చెల్లెలికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ముందు ల్యాప్‌టాప్‌ను ఓఎన్‌టీకి నేరుగా కేబుల్‌తో కలిపి స్పీడు చూడండి. అక్కడే రాకపోతే లోపం మీ గోడల్లో లేదు. అక్కడ వస్తే, ప్రతి గదిలో టీవీ ప్లేటు, ఫోను ప్లేటు విప్పి లోపలి తీగలు ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. ఆ ఫొటోలు చూసి మాట్లాడుకునేదాకా మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకండి.