పన్నెండు సిలిండర్ల నడివయసు

ఒక కారును పదిహేడేళ్లపాటు మెరుగుపరచడమెలాగో తెలుసుకోగోరేవారు ఫెరారి కార్లు పుట్టే ఊరు, ఇటలీలోని మారనెల్లో వైపు భక్తితో చూడాలి. 1972లో పారిస్ ప్రదర్శనలో ఆవిష్కరించిన ఫెరారి 365 జీటీ4 2+2, అటుపై 400గా, 400ఐగా, 412గా పేర్లు మార్చుకుంటూ 1989 దాకా నడిచింది. కార్లకు రూపమిచ్చే పినిన్‌ఫరినా సంస్థలో డిజైనర్ లియొనార్డో ఫియొరవంతి స్కేలు పెట్టి గీసినట్లున్న ఆ ఆకారాన్ని మాత్రం ఎవరూ పెద్దగా కదిలించలేదు. మారిందల్లా యజమాని వయసు. ఇంజినీర్లు దాని వెంటే నడిచారని నా నిశ్చితాభిప్రాయం.

పేరులోని 365, ఇంజినులోని పన్నెండు సిలిండర్లలో ఒక్కోదాని ఘనపరిమాణాన్ని ఘన సెంటీమీటర్లలో సూచించే అంకె. ఏడాదిలో అన్ని రోజులూ కారు బయలుదేరుతుందన్న హామీగా ఎవరైనా చదువుకుంటే ఆ తప్పు చదువరిదే.

1976లో ఇంజిను 4.8 లీటర్లకు పెరిగింది. నడుము చుట్టుకొలత పెరిగే వయసులో ఇది సహజమే. అసలు విప్లవం గేరుబాక్సులో జరిగింది. రేసుల్లో ప్రత్యర్థులను ముప్పుతిప్పలు పెట్టిన సంస్థ, అమెరికాలోని జనరల్ మోటార్స్ నుంచి మూడు గేర్ల ఆటోమేటిక్ తెప్పించి, ఫెరారి చరిత్రలో తొలిసారిగా యజమాని ఎడమకాలికి శాశ్వత విశ్రాంతి ప్రసాదించింది. కొన్నవారిలో ఎక్కువమంది ఆ ప్రసాదాన్నే కళ్లకద్దుకున్నారు. అంతవరకు చక్రాన్ని నడిమధ్య ఒకే నట్టు పట్టి ఉంచేది. రేసు మధ్యలో క్షణాల్లో చక్రం మార్చడానికి పుట్టిన ఏర్పాటది. విందుకు బయలుదేరిన పెద్దమనిషికి అంత తొందర దేనికని కాబోలు, దాని స్థానంలో అయిదు బోల్టులు పెట్టారు. వెనుక చెరో పక్కనున్న మూడేసి గుండ్రటి దీపాలు రెండేసి అయ్యాయి. వయసు మీద పడ్డాక ఆడంబరం తగ్గించుకోవడం మర్యాద.

1979లో జరిగిన సంస్కరణను తలచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి. పెట్రోలును గాలితో కలిపి ఇంజినుకు అందించే వెబర్ కార్బురేటర్లు ఆరింటినీ ఒకే శ్రుతిలో పెట్టడమంటే ఆరుగురు బావమరుదులను ఒకే మాట మీదికి తేవడమే. వాటిని తొలగించి బాష్ కంపెనీ ఇంధన ఇంజెక్షన్ అమర్చారు. పొగ తగ్గింది, పేరుకు ‘ఐ’ చేరింది, 340గా ఉన్న అశ్వశక్తి 310కి దిగింది. ముప్పై గుర్రాలను లాయంలోనే కట్టేసి రావడాన్ని ప్రగతి అనడానికి గుండె ధైర్యం కావాలి.

1985లో వచ్చిన 412తో ఇంజిను 4.9 లీటర్లకు చేరింది, శక్తి మళ్లీ 340 అయింది. పదమూడేళ్లు నానా హైరానా పడి బయలుదేరిన గుమ్మానికే చేరుకున్నారన్నమాట! బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ ఫెరారి కార్లలో మొదట దీనికే దక్కింది. డిజైనర్లు సాహసించిన చోటు మాత్రం డిక్కీ. పదమూడేళ్లుగా ముట్టుకోని గీతను అక్కడ చెరిపి, మూతను కొన్ని సెంటీమీటర్లు పైకెత్తారు, సామాను పట్టడం కోసం. దూరం నుంచి చూస్తే ఆ తేడా కనబడదు. తెలిసినవాడికి మాత్రం ఇక వేరే ఏదీ కనబడదు.

1992లో ఈ వంశానికి వారసుడిగా 456 వచ్చింది. ఆరు గేర్లు, చేత్తో మార్చుకోవలసినవే. ఎడమకాలికి మళ్లీ పని పడింది. నాలుగేళ్లే లెండి, 1996లో దానికీ ఆటోమేటిక్ తగిలించారు.