పళ్ళ సెట్టు అంట్లగిన్నె కాదు బాబూ

మా శ్రీకాకుళం వైపు పెద్దవాళ్ళకి పళ్ళ సెట్టు కట్టించడం వరకు పిల్లలు బాగానే చేస్తున్నారు. డబ్బులు కడతారు, పని మానుకుని టౌనుకి తిప్పుతారు, సెట్టు పెట్టిన రోజు ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతారు. ఆ తర్వాత దాన్ని దేంతో కడుగుతున్నారో, రాత్రి ఎక్కడ పెడుతున్నారో ఇంట్లో ఒక్కరికీ తెలీదు. రెండేళ్ళకి అది పాడైతే మాత్రం "ఆ డాక్టరుకి పని రాదు" అని తిట్లు.

చాలా ఇళ్ళలో సెట్టుని పాడు చేసేది అశ్రద్ధ కాదు, అతి శుభ్రం. రుద్దితేనే మురికి పోతుంది, మరిగితేనే క్రిములు చస్తాయి అని మన లెక్క. సెట్టులో చిగుళ్ళ రంగులో ఉండే భాగం యాక్రిలిక్, అంటే ఒక రకం ప్లాస్టిక్. సలసల కాగే నీళ్ళు పోస్తే వంకర తిరుగుతుంది. కంటికి ఆనని వంకర చాలు, చిగుళ్ళ మీద మళ్ళీ సరిగా కూర్చోదు. మా పెద్దమ్మ సెట్టు అలాగే పోయింది. అడిగితే, "ఉడుకునీళ్ళు పొయ్యకపోతే మురికెలగ పోద్దిరా?" అని నన్నే ఎదురడిగింది. ఆవిడని ఏమనగలం? ఏ నీళ్ళు పొయ్యాలో ఆవిడకి చెప్పిందెవరు గనక!

పేస్టూ అంతే. అందులోని గరుకు పదార్థం మన పళ్ళకి సరిపోతుంది గానీ యాక్రిలిక్ మీద సన్నని గీతలు పెడుతుంది. ఆ గీతల్లోనే పాచి, టీ మరకలు చేరతాయి. మరకలు కనబడగానే ఇంకా గట్టిగా తోముతారు. ఉప్పు, బొగ్గుపొడి, పీచు సంగతి చెప్పక్కర్లేదు. చల్లని నీళ్ళు, మెత్తటి బ్రష్షు, రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ చాలు. కింద బకెట్లో నీళ్ళు పెట్టుకుని కడిగితే చేయి జారినా పగలదు. సెట్టు తిప్పి చూడండి: కింది సెట్టు ముందుపళ్ళ వెనక పసుపుపచ్చగా గార కట్టి ఉంటుంది. ఎక్కువమంది బ్రష్షు వెళ్ళనిది అక్కడికే. గట్టిపడితే గోరుతో, పిన్నీసుతో గీకకండి, డాక్టరు దగ్గర తీయించండి. మెడికల్ షాపులో దొరికే బిళ్ళలు నీళ్ళలో వేసి నానబెట్టడానికి, నోట్లో వేసుకోవడానికి కాదు. కొక్కేలున్న సెట్టుకి బ్లీచింగ్ తగలనివ్వకండి, లోహం పాడవుతుంది.

రాత్రి తీసి నీళ్ళలో వెయ్యాలి. చిగుళ్ళకీ విశ్రాంతి కావాలి కదా. రాత్రీ పగలూ పెట్టుకునే ఉంటే లోపల ఫంగస్ చేరి అంగిలి ఎర్రబడుతుంది, చాలామందికి నొప్పి కూడా ఉండదు. పొడిగా వదిలేస్తే సెట్టు ఆకారం మారుతుంది. మూత ఉన్న డబ్బా ఒకటి కొనివ్వండి, పెద్ద ఖర్చేం కాదు. పెళ్ళిభోజనాల్లో కాగితంలో చుట్టి విస్తరాకు పక్కన పెడతారు, ఆకులతో పాటే పోతుంది.

విరిగితే ఐదు రూపాయల గమ్ముతో అతికించే తెలివి ఇంకో టెన్షన్. ముక్కలు ఒక్క పిసరు పక్కకి అతుక్కున్నా తర్వాత సరిచేయడం కష్టం. ఉన్న ముక్కలన్నీ ఏరి పట్టుకెళ్ళండి. ఇక పళ్ళు లేనిచోట ఎముక ఏటేటా అరిగిపోతుంది. సెట్టు వదులైతే తప్పు దానిది కాదు, లోపల మళ్ళీ పొర వేయించాలి. బాగా చూసుకున్నా 5 నుంచి 8 ఏళ్ళకి కొత్తది అవసరం పడొచ్చు. తేగలు, జంతికలు ముందుపళ్ళతో కొరక్కుండా చిన్నముక్కలు చేసి రెండు పక్కలా నమిలితే కొన్నాళ్ళు ఎక్కువే వస్తుంది.

మన వైపు ముఖ్యంగా చెప్పుకోవాల్సింది ఇంకోటుంది. అడ్డపొగ. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి కాల్చే ఆడవాళ్ళు ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఆ వేడికి, పొగకి అంగిలి మీద మచ్చలు, కొందరికి క్యాన్సర్ వస్తాయని 1971లోనే ఆంధ్ర పల్లెల్లో పదివేల మందికి పైగా నోళ్ళు పరీక్షించిన అధ్యయనం అచ్చయింది. పై సెట్టు పెట్టుకుంటే ఆ చోటు కనపడదు. ఏడాదికోసారైనా సెట్టు తీయించి లోపల చూపించండి. "నాకేటయిందర్రా" అంటారు. ఆ మాట పట్టించుకోకండి.

డాక్టర్లకీ ఒక మాట. సెట్టు ఇచ్చేటప్పుడు జాగ్రత్తలన్నీ గబగబా పక్కన నిలబడ్డ కొడుక్కి చెప్పేస్తారు. అతను ఫోన్ చూస్తూ తలూపుతాడు. కడిగేది అతను కాదు సార్, కుర్చీలో కూర్చున్న ఆవిడ. ఆవిడకి చెప్పండి.